యుద్ధం సినిమాల్లో విమానాలు: మీరు అడిగినవి, మేం చెప్పేవి

ప్రశ్న: 1940లో బ్రిటన్, జర్మనీ గాల్లో చేసిన పోరు మీద తీసిన 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' (1969) మళ్ళీ చూశాను సార్. అందులో జర్మన్ విమానాలు నిజమైనవేనా? మా ఫ్రెండ్ అన్నీ బొమ్మలే అని ఒకటే వాదన. (గుంటూరు పాఠకుడు)

జవాబు: మీ ఫ్రెండ్‌కి గట్టిగా చెప్పండి, గాల్లో మీరు చూసినవాటిలో ఎక్కువ భాగం నిజంగా ఎగిరినవే. కాకపోతే జర్మనీలో తయారైనవి కాదు, స్పెయిన్‌వి. యుద్ధం అయ్యాక జర్మనీలో అలాంటివి దాదాపు మిగల్లేదు, స్పెయిన్ వాళ్ళు మాత్రం మెసర్‌ష్మిట్ ఫైటర్, హైంకెల్ బాంబర్ రెండూ లైసెన్స్ తీసుకుని సొంతంగా కట్టుకున్నారు, జర్మనీ నుంచి ఇంజన్లు రావడం ఆగిపోయేసరికి చివరికి బ్రిటన్ వాళ్ళ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లు కొని బిగించారు. మెర్లిన్ అంటే బ్రిటన్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో ఉండేదే! అంటే తెర మీద కొట్టుకుంటున్న రెండు వైపులా ఒకే రకం ఇంజన్ అన్నమాట.

ఈసారి చూసేటప్పుడు మెసర్‌ష్మిట్ దగ్గరగా వచ్చిన చోట పాజ్ కొట్టి ముక్కు చూడండి. అసలు జర్మన్ ఇంజన్‌ని తలకిందులుగా బిగిస్తారు కాబట్టి పొగ గొట్టాలు ముక్కుకి కింది వైపు ఉంటాయి. సినిమాలో ఉన్నదానికి పై వైపున వరసగా కనిపిస్తాయి, ముక్కు కింద గడ్డం ఉబ్బినట్టు ఉంటుంది. ఒకసారి ఇది కంట్లో పడిందంటే ఇక ఏ సినిమాలో ఉన్నా ఇట్టే పట్టేస్తారు.

వీటన్నిటినీ వెతికి పోగుచేసింది హామిష్ మహాడీ అని, యుద్ధంలో బాంబర్లు నడిపిన ఆర్ఏఎఫ్ (బ్రిటన్ ఎయిర్ ఫోర్స్) గ్రూప్ కెప్టెన్. దర్శకుడు గై హామిల్టన్ పేరు అందరికీ తెలుసు గానీ నా లెక్కలో ఆ సినిమాకి సగం ప్రాణం మహాడీనే. కెమెరా విమానం ఒక బి-25 బాంబర్, అంత గందరగోళంలో పైలట్లకి అది ఎక్కడుందో తెలియాలని దానికి కళ్ళు జిగేల్‌మనే రంగులు వేశారు. మీ ఫ్రెండ్ మాట నిజమయ్యే చోటు కూడా ఒకటుంది లెండి, స్టూకాలు, అంటే నిట్టనిలువుగా దూకి బాంబులు వేసే జర్మన్ విమానాలు. ఎగిరే స్టూకా దొరక్కపోవడంతో రేడియో కంట్రోల్ మోడల్స్ వాడారు.

షూటింగ్‌లో ఎగిరిన టెక్సాస్ పైలట్ ఒకాయన తనకి రావాల్సిన డబ్బులకి బదులు విమానాలే పట్టుకెళ్ళి దశాబ్దాల పాటు సొంత షెడ్డులో దాచిపెట్టుకున్నాడు. నిజంగా గొప్ప బేరం.

ప్రశ్న: పాత సినిమాల్లో మోడల్ విమానం బాగానే నమ్మిస్తుంది, నీళ్ళలో పడగానే బొమ్మ అని తెలిసిపోతుంది, ఎందుకని? (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. విమానాన్ని 16వ వంతుకి తగ్గించొచ్చు, నీటి చుక్కని తగ్గించలేం కదా. బొమ్మ పడితే లేచే చుక్క దాని రెక్క పక్కన పెద్ద బంతంత కనిపించి మొత్తం గుట్టు రట్టు చేసేస్తుంది. మంట, పొగ కూడా అంతే, చిన్నగా చేస్తే చిన్న మంటలాగే ఆడతాయి. ఇంకో చిక్కు టైము. చిన్న వస్తువు తక్కువ ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి టక్కున పడిపోతుంది, బరువు ఉన్నట్టే అనిపించదు. అందుకని కెమెరాని స్పీడుగా తిప్పి మామూలు స్పీడులో చూపిస్తారు. లెక్క ఏంటంటే సైజు ఎంత తగ్గిస్తే దాని వర్గమూలం అంత స్పీడు పెంచాలి. 16వ వంతు మోడల్ అయితే 4 రెట్లు, అంటే సెకనుకి 24 ఫ్రేములు కాస్తా 96. ఈ పనిలో జపాన్ వాళ్ళ ఎయిజి త్సుబురాయాని మించినోళ్ళు తక్కువ, 1942లోనే అమెరికా నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్‌ని మోడల్స్‌తో కట్టి, దాని మీద జపాన్ చేసిన దాడి మొత్తం తీశాడు, తర్వాత 1954లో గాడ్జిల్లాకి ఎఫెక్ట్స్ చేసింది కూడా ఆయనే.

ప్రశ్న: పెర్ల్ హార్బర్ దాడి మీద తీసిన 'టోరా! టోరా! టోరా!'లో విమానాలు పేలే సీన్‌లో జనం పరుగులు మరీ సహజంగా ఉన్నాయి, ఎలా చేయించారు? (విశాఖ పాఠకుడు)

జవాబు: చేయించలేదండీ, వాళ్ళు నిజంగానే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తారు. రన్‌వే మీద నడిపిన డమ్మీ పి-40 (అమెరికన్ ఫైటర్) ఒకటి అదుపు తప్పి వరసగా నిలబెట్టిన మిగతావాటిలోకి దూసుకుపోయింది, అనుకోని చోట పేలుళ్ళు జరిగాయి, కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి, ఆ షాటే సినిమాలో ఉంచేశారు. అందులో జపాన్ జీరో ఫైటర్లుగా కనిపించేవి అమెరికన్ టి-6 ట్రైనర్లు, మన ఎయిర్ ఫోర్స్ కూడా హార్వర్డ్ పేరుతో పైలట్ల ట్రైనింగ్‌కి వాడింది ఈ రకాన్నే. ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే.

కానీ ఇలాంటి షాట్లు మెచ్చుకునేటప్పుడు నాకు గుండె కొంచెం పట్టేస్తుంది. 1949లో ఒక సినిమా కోసం బి-17 అనే పెద్ద బాంబర్‌ని ఒక్కడే నడిపి, చక్రాలు దించకుండా పొట్ట మీద దింపిన స్టంట్ పైలట్ పాల్ మాంట్జ్ 1965లో ఇంకో సినిమా షూటింగ్‌లోనే పోయాడు. 1989లో ఇంగ్లండ్‌లోని బిన్‌బ్రూక్‌లో షూటింగ్ టైంలో ఒక బి-17 టేకాఫ్‌లో పడి కాలిపోయింది, లోపలున్న పది మందీ బతికారు, అదొక్కటే అదృష్టం. అలాంటి విమానం ఇంకోటి ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యరు కదా, అందుకే కూల్చే సీన్లు కంప్యూటర్‌లో చెయ్యడాన్ని నేను తప్పుపట్టను, ఎగిరే సీన్లకి మాత్రం నిజమైనవే కావాలంటాను.

ప్రశ్న: లండన్‌లో ఉంటున్నాం, పిల్లలకి ఇవి ఎక్కడ చూపించాలి? (లండన్ పాఠకురాలు)

జవాబు: కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్ ఇంపీరియల్ వార్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' కొంత అక్కడే తీశారు, సినిమాలో పేలిపోయే హ్యాంగర్ అక్కడి అసలు హ్యాంగరే, షాట్ కోసం నిజంగా పేల్చేశారు. ఎయిర్ షో ఉన్న రోజు చూసుకుని వెళ్తే మెర్లిన్ ఇంజన్ చప్పుడు కూడా వినొచ్చు.