ఆర్ నడుస్తున్నా పైథాన్‌కు అందదెందుకు?

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు, ఆఫీసు లినక్స్ లాప్‌టాప్‌లో గణాంకాల భాష ఆర్ విడిగా చక్కగా నడుస్తున్నా, పైథాన్ నుంచి ఆర్‌ను వాడుకోనిచ్చే ఆర్‌పై2 ప్యాకేజీని ఇంపోర్ట్ చేయగానే లిబ్‌ఆర్.ఎస్ఓ ఫైలును తెరవలేకపోయానన్న ఎర్రర్ వస్తోందని అడిగారు. ఆర్‌పై2 ఆర్‌ను పక్కన వేరే ప్రోగ్రాముగా నడపదు. పైథాన్ ప్రాసెస్‌లోకే ఎక్కించుకుంటుంది. కాబట్టి దానికి కావలసింది మీరు టెర్మినల్‌లో నడిపే ఆర్ కాదు, లిబ్‌ఆర్.ఎస్ఓ అనే ఆ షేర్డ్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు తమలోకి ఎక్కించుకోగల కోడ్) ఫైలు.

ముందు టెర్మినల్‌లో 'ఆర్ ఆర్‌హోమ్' అన్న కమాండ్ ఇచ్చి (అన్నీ పెద్దక్షరాలే), అది చూపిన ఫోల్డరులోని లిబ్ అనే ఫోల్డరులో ఆ ఫైలు ఉందేమో చూడండి. ఉంటే, ఆ లిబ్ దారిని, షేర్డ్ లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చేర్చి, పైథాన్‌ను మూసి మళ్లీ తెరవండి. నడుస్తున్న పైథాన్ లోపల మార్చితే ప్రయోజనం ఉండదు. ఆ ఫైలే లేకపోతే, ఆర్‌ను ఎవరో సోర్స్ నుంచి, షేర్డ్ లైబ్రరీ కోరే 'ఎనేబుల్-ఆర్-ఎస్‌హెచ్‌లిబ్' (--enable-R-shlib) ఆప్షన్ ఇవ్వకుండా బిల్డ్ చేసి ఉంటారు. ఆ ఆప్షన్‌తో మళ్లీ బిల్డ్ చేయక తప్పదు. మారతహళ్లి గదిలో నేనొక శనివారమంతా పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ఆర్‌పై2ను తీసేస్తూ, మళ్లీ పెడుతూ గడిపాను. తప్పు పైథాన్ వైపు లేనే లేదు.

ఆపిల్ చిప్ మ్యాక్‌లోనైతే, ఇంటెల్ కోసం బిల్డ్ చేసిన ఆర్‌ను ఆ చిప్ రకమైన ఆర్మ్ కోసం బిల్డ్ చేసిన పైథాన్ ఎక్కించుకోలేదు.