ఆఫీస్ ఇంగ్లీష్‌లో సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్ నోటికి అలవాటు అవ్వాలంటే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: టెన్స్ టేబుల్ అడిగితే గడగడా చెప్పేస్తారు, ఖాళీలు పూరించమంటే కరెక్ట్‌గానే పూరిస్తారు, కానీ కాల్‌లో మేనేజర్ నిన్న ఏం చేశావ్ అని ఇంగ్లీష్‌లో అడగ్గానే నోట్లోంచి ఇంకేదో వచ్చేస్తోంది. అచ్చం నా కేసే, అందుకే రాస్తున్నా. నేను టీచర్‌ని కాదండీ, ఒక చిన్న ఆఫీసులో బిల్లింగ్ చూసేవాణ్ణి, కాబట్టి పుస్తకంలో ఉన్నట్టు కాకుండా నాకు పనికొచ్చిందే చెప్తా.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పాలి. చేరిన కొత్తలో ఒక క్లయింట్ ఫోన్ చేసి సవరించిన కొటేషన్ పంపారా అని అడిగాడు. పొద్దున్నే పంపేశాను, ఆ ధీమాతో "యెస్ సర్, ఐ సెండ్" అన్నా. ఆయన "ఓకే, ఐ విల్ వెయిట్" అని పెట్టేశాడు. వెయిట్ ఎందుకంటున్నాడో నాకు అర్థం కాలేదు, పోన్లే అనుకున్నా. సాయంత్రం ఇంకా ఎదురుచూస్తున్నాం అని మెయిల్ వచ్చింది, మా మేనేజర్‌కి కాపీ పెట్టి మరీ. మెయిల్ వాళ్ళ స్పామ్‌లో పడింది, సరే, కానీ నేను సెంట్ అని ఉంటే ఆయన అప్పుడే వెతుక్కునేవాడు కదా. నేనన్నది ఆయనకి పంపుతాను అన్నట్టు వినపడింది. రూల్ తెలియక కాదు, సెండ్‌కి పాస్ట్ సెంట్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను, నోరు మాత్రం తిరగలేదు.

ఆ తర్వాత నా తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టా. ఒక నెల తర్వాత చూస్తే సగానికి పైగా తప్పులు ఇంగ్లీష్ రాక వచ్చినవి కాదు, తెలుగులో ఆలోచించి మాట కింద మాట పెట్టడం వల్ల వచ్చినవి. అందులో మొదటిది ఈ 'తాను, తాం' గొడవ. రోజూ మెయిల్ చూస్తాను అంటాం, రేపు మెయిల్ చూస్తాను అంటాం, రెండిటికీ మనకి ఒకటే చూస్తాను. ఇంగ్లీష్‌లో ఇవి రెండు వేర్వేరు. అందుకే మనవాళ్ళు రోజూ చేసే పనికి కూడా విల్ తగిలించేస్తారు, "ఐ విల్ చెక్ మెయిల్స్ డైలీ" అని. వినేవాడు ఇకమీదట చూస్తానని మాట ఇస్తున్నాడు అనుకుంటాడు, అంటే ఇన్నాళ్ళూ చూడలేదా అనే డౌట్ కూడా వస్తుంది వాడికి. మేం ప్రతి నెలా ఐదో తారీఖున ఇన్‌వాయిస్ పంపుతాం అనేది మన పద్ధతి, కాబట్టి "వి సెండ్ ఇన్‌వాయిసెస్ ఆన్ ద ఫిఫ్త్". రేపు పంపుతాం అయితే అప్పుడు విల్.

నేను పెట్టుకున్న చిట్కా చాలా సింపుల్, నోరు తెరిచే ముందు ఆ మాట ముందు 'రోజూ' పెట్టి చూస్తా, తర్వాత 'రేపు' పెట్టి చూస్తా. రోజూ అతికితే విల్ తీసేయడమే. (ఒక్క మినహాయింపు ఉంది, ముందే ఫిక్స్ అయిన టైమ్‌టేబుల్‌కి రేపటిదైనా సింపుల్ ప్రెజెంటే వాడొచ్చు, "ద మీటింగ్ స్టార్ట్స్ ఎట్ టెన్ టుమారో" అన్నట్టు. మొదట్లో దీన్ని పట్టించుకోకండి, కన్ఫ్యూజ్ అవుతారు.)

దీని తమ్ముడే 'చేస్తున్నాను'. మీరేం చేస్తుంటారు అని ఎవరైనా అడిగితే తెలుగులో బిల్లింగ్ చూస్తున్నాను అంటాం, అదే ఊపులో "ఐ యామ్ హ్యాండ్లింగ్ బిల్లింగ్" అనేస్తాం. తప్పు అనను కానీ ప్రస్తుతానికి ఏదో చూస్తున్నాను అన్న అర్థం వస్తుంది దానికి. మీ జాబే అది అయితే "ఐ హ్యాండిల్ బిల్లింగ్" చాలు. ఇక నో (తెలుసు అనే అర్థంలో), నీడ్, వాంట్, అండర్‌స్టాండ్ లాంటి వాటికి ఐఎన్‌జీ అసలు తగిలించొద్దు. "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అని నేను ఎన్ని కాల్స్‌లో అన్నానో లెక్కలేదు, "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అంటే సరిపోయేది.

ఇప్పుడు డిడ్ సంగతి. "ఐ డిడింట్ రిసీవ్డ్", "డిడ్ యు సెంట్", ఈ రెండూ మన ఆఫీస్ మెయిల్స్‌లో ఎంత కామనో మీకూ తెలుసు. డిడ్ వస్తే వీవన్, అంటే సెండ్ లాంటి వెర్బ్ మొదటి రూపం, వాడాలి అని ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు, ఒకరోజు తెలుగులో పెట్టి చూసుకుంటే ఎక్కింది. నేను పంపాను, ఆమె పంపింది, వాళ్ళు పంపారు. ఇప్పుడు వీటికి 'లేదు' తగిలించండి. పంపానులేదు అంటామా? పంపిందిలేదు అంటామా? అనం కదా, పంపలేదు అంటాం, నేనైనా ఆమైనా వాళ్ళైనా అందరికీ అదే పంపలేదు. అంటే లేదు రాగానే ముందున్న మాట మీద కాలం గుర్తు ఎగిరిపోయి మొండిగా 'పంప' మిగిలింది. డిడింట్ వచ్చినప్పుడు సెంట్ పోయి సెండ్ మిగలడం కూడా ఇదే కథ. 'డిడింట్ సెంట్' అనడం మన భాషలో పంపానులేదు అన్నంత వికారంగా ఉంటుంది వినేవాళ్ళకి. ఈ పోలిక దొరికాక ఆ తప్పు నేను దాదాపు మళ్ళీ చేయలేదు, నిజం. డజ్‌కి కూడా అంతే, హీ, షీ పక్కన వెర్బ్ చివర వచ్చే ఎస్ వెళ్ళి డజ్‌లో కూర్చుంది కాబట్టి వెనకాల మళ్ళీ ఎస్ అక్కర్లేదు, "డజ్ షి అప్రూవ్", అప్రూవ్స్ కాదు. రెండు చోట్ల మాత్రం డిడ్ అసలు రాదు: వాజ్, వర్ ఉన్నప్పుడు, "వై వాజ్ ద పేమెంట్ లేట్" అని, ఇంకోటి పని చేసింది ఎవరు అని అడిగేటప్పుడు, "హూ సెంట్ దిస్ ఫైల్" అని.

సరే, ప్రాక్టీస్ ఎలా అన్నది కదా అసలు ప్రశ్న. ఇంటర్నెట్‌లో దొరికే ఎక్సర్‌సైజుల్లో ఎవడో పేరు తెలియనివాడు ప్రతి ఆదివారం టెన్నిస్ ఆడతాడు, అది వంద సార్లు నింపినా మీ కాల్‌లో పనికిరాదు, మీరు టెన్నిస్ గురించి మాట్లాడరు కాబట్టి. మీ ఉద్యోగంలో మీరు రోజూ వాడే పనిమాటలు మహా అయితే 30 ఉంటాయి. అవి తీసుకోండి చాలు. నేను చేసింది ఏంటంటే, పొద్దున సిస్టమ్ ఆన్ అయ్యేలోపు నా పని గురించి ఐదు లైన్లు పైకి చెప్పుకునేవాణ్ణి, సాయంత్రం వెళ్ళేముందు అవే ఐదు లైన్లు జరిగిపోయినట్టు ఫోన్‌లో రికార్డ్ చేసేవాణ్ణి.

పొద్దున ఇలా ఉండేది: "ఐ చెక్ ద ఆర్డర్స్. ఐ ప్రిపేర్ ద ఇన్‌వాయిసెస్. మై కొలీగ్ అప్రూవ్స్ దెమ్. ఐ సెండ్ దెమ్ బై ఫోర్. ద క్లయింట్స్ పే ఇన్ థర్టీ డేస్." సాయంత్రం ఇలా: "టుడే ఐ చెక్ట్ ఎలెవెన్ ఆర్డర్స్. ఐ ప్రిపేర్డ్ నైన్ ఇన్‌వాయిసెస్. మై కొలీగ్ అప్రూవ్డ్ సెవెన్, షి డిడింట్ అప్రూవ్ టూ. ఐ సెంట్ సెవెన్ బై ఫోర్. వన్ క్లయింట్ పెయిడ్, వన్ డిడింట్ పే." గమనించారా, పొద్దున వాటిలో ఎన్ని చేశాను అన్న లెక్క లేదు, అది పద్ధతి కాబట్టి, సాయంత్రం వాటిలో ఎన్ని అన్న లెక్క వచ్చేసింది, ఎందుకంటే అది జరిగిన సంగతి. ఈ లెక్క పెట్టడం కావాలనే చేయండి, నిజంగా ఆ రోజు ఎన్ని చేశారో అదే చెప్పండి. అప్పుడు అది గ్రామర్ పాఠంలా ఉండదు, మేనేజర్‌కి ఇచ్చే రిపోర్ట్‌లా ఉంటుంది, మర్నాడు కాల్‌లో సరిగ్గా అదే అడుగుతారు కూడా. కాకపోతే టుడే బదులు ఎస్టర్‌డే అంటారు, అంతే తేడా. ఇంకా రోజుకి ఒక్కటైనా 'డిడింట్' లైన్ ఉండేలా చూసుకోండి, అవలేదు అన్న పని లేని రోజు ఏ ఆఫీసులోనూ ఉండదు.

రికార్డింగ్ వినడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది. నాకైతే మొదటి వారం నా గొంతు నాకే నచ్చలేదు. కానీ అలా విన్నప్పుడే తెలిసింది, పాస్ట్‌కి వెర్బ్ చివర వచ్చే ఈడీ నేను అన్నాను అనుకుంటున్న చోట ఈడీ అసలు లేదని! చెక్ట్ అన్నానని నా నమ్మకం, రికార్డింగ్‌లో చెక్ అని ఉంది. ఇక్కడ పలికే తీరు గురించి కొంచెం చెప్పాలి. రాసేటప్పుడు అన్నిటికీ ఈడీయే కానీ పలకడం మూడు రకాలు. చెక్, వర్క్, ఆస్క్, ఫినిష్ లాంటి వాటికి చివర ట్ లా వస్తుంది, చెక్ట్, వర్క్ట్. కాల్, రిసీవ్, క్లోజ్ లాంటి వాటికి డ్, కాల్డ్, రిసీవ్డ్. అటెండ్, అప్‌డేట్, స్టార్ట్ లాగా మాట ట్ లేదా డ్ శబ్దంతో అయిపోతే మాత్రమే విడిగా ఇంకో ముక్క వస్తుంది, అటెండెడ్, అప్‌డేటెడ్. మనం వర్కెడ్, ఆస్కెడ్ అని అన్నిటికీ ఎడ్ తగిలించడమో, లేకపోతే అసలు మింగేయడమో చేస్తాం. నిజానికి వేగంగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీష్ పుట్టుభాష అయినవాళ్ళు కూడా ఆ ట్‌ని చాలాసార్లు మింగేస్తారు, కానీ వాళ్ళ మాటల్లో ఎప్పుడు అన్నది ఎలాగూ తెలిసిపోతుంది. అందుకే నేను ఎస్టర్‌డే, లాస్ట్ వీక్, ఆన్ మండే లాంటి టైమ్ మాటని వాక్యం మొదట్లోనే పెట్టేస్తా. అది పడ్డాక వెర్బ్ చివర కొంచెం నలిగినా అవతలివాడికి డౌట్ రాదు. ఆ కొటేషన్ రోజున "ఐ సెంట్ ఇట్ దిస్ మార్నింగ్" అని ఉంటే ఈ కథే లేదు.

ఎస్టర్‌డే లాంటి అయిపోయిన టైమ్ మాట చెప్పాక మధ్యలో హ్యావ్ రాకూడదు, ఇది కూడా మనవాళ్ళకి బాగా అలవాటు. "ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్ ఎస్టర్‌డే" అంటారు, హ్యావ్ ఉంటే మర్యాదగా ఉంటుందని అనుకుంటారో ఏమో. నిన్న అన్నారంటే హ్యావ్ తీసేయండి. ఇక్కడ రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను అనేది మాత్రం సింపుల్ ప్రెజెంట్‌లోనూ సింపుల్ పాస్ట్‌లోనూ పట్టదు, దానికి వేరే టెన్స్ కావాలి, అది వచ్చేదాకా "ఐ జాయిన్డ్ టూ ఇయర్స్ ఎగో" అని తప్పించుకోండి, నేను ఏడాది పాటు అలాగే నెట్టుకొచ్చా. పాత జాబ్‌లో ఏం చేసేవారు అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు కూడా అంతే, చేసేవాణ్ణి, చూసేవాణ్ణి అనే మన రూపానికి ఇంగ్లీష్‌లో ఏం వాడాలో అని వెతుక్కోవద్దు, "ఐ ప్రిపేర్డ్ ఇన్‌వాయిసెస్, ఐ కాల్డ్ క్లయింట్స్", సింపుల్ పాస్ట్ చాలు.

రూల్‌కి లొంగని వెర్బ్స్‌కి పెద్ద లిస్ట్ బట్టీ పట్టకండి. ఆఫీసులో రోజూ తగిలేవి సెంట్, పెయిడ్, గాట్, మేడ్, మెట్, టుక్, గేవ్, రోట్, టోల్డ్, సెడ్, స్పోక్, ఫర్‌గాట్, ఇంతే. పుట్, కట్, సెట్, కాస్ట్ మారవు. రీడ్ రాయడంలో మారదు, పలకడంలో రెడ్ అవుతుంది, ఇది తెలియక నేను ఒకసారి మీటింగ్ మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టిన కాగితం) పైకి చదువుతూ "వి రీడ్ ద కాంట్రాక్ట్" అన్నాను, పక్కనున్నావిడ మెల్లగా రెడ్ అని అందించింది. మినిట్స్ అంటే గుర్తొచ్చింది, మీ ఆఫీసులో పాత మీటింగ్ మినిట్స్ ఉంటే అవి తీసి చదవండి, అవి ఎక్కువగా సింపుల్ పాస్టే, వి అగ్రీడ్, వి డిసైడెడ్ అని. పని ఎలా చేయాలో రాసిపెట్టిన ప్రాసెస్ కాగితాలు చూస్తే అవి ఎక్కువగా సింపుల్ ప్రెజెంట్‌లో ఉంటాయి. ఒక కాగితంలో ఉన్నదాన్ని రెండోదానిలోకి మార్చి చదువుకుంటే అంతకంటే మంచి ఎక్సర్‌సైజ్ ఎక్కడా దొరకదు, పైగా పని కూడా అర్థమవుతుంది.

ఎన్నాళ్ళు పడుతుంది అంటే నాకు డిడ్ రెండు వారాల్లో కుదిరింది, విల్ మానడానికి రెండు మూడు నెలలు పట్టింది. హీ, షీ పక్కన వచ్చే ఎస్ మాత్రం ఇప్పటికీ జారిపోతూనే ఉంటుంది, ముఖ్యంగా ద కంపెనీ, ఎవ్రీవన్ లాంటివి వచ్చినప్పుడు, వాటిలో బోలెడు మంది ఉన్నట్టు అనిపించి ఎస్ వదిలేస్తాను. మాటల్లో ఎవరూ పట్టించుకోరు కాబట్టి నేనూ వదిలేశా, మెయిల్ అయితే మాత్రం పంపే ముందు ఆ మాటలు ఎక్కడున్నాయో వెతికి పక్కనున్న వెర్బ్‌ని ఒకసారి చూసుకుని అప్పుడు సెండ్ కొడతా.