సమాధానం: ఆ ప్రత్యేక ఎడిషన్ కొనాలా, వద్దా?

నిదానంగా సాగే మనస్తత్వ చిత్రానికి బ్లూరే ప్రత్యేక ఎడిషన్ (అదనపు హంగులతో వచ్చే డిస్కు పెట్టె) దండగని భీమవరం మిత్రులు అనడంతో వెనకాడుతున్నానని రాశారు. నా మటుకు, అలాంటి సినిమాకే అది ముందు కావాలి. పోరాటాల సినిమా మామూలు డిస్కులోనూ నెట్టుకొస్తుంది. చీకటి గదిలో మౌనంగా కూర్చున్న ముఖమే కథ అయినప్పుడు, చెంప మీది నీడ గళ్లుగళ్లుగా విడిపోతే ఇక చూసేదేముంది? డీవీడీలో ఒక పొరకు పట్టేది 4.7 జీబీ, బ్లూరేలో 25 జీబీ. చోటు ఎక్కువైతే బొమ్మను అంతగా కుదించనక్కర్లేదు; ఆ తేడా సరిగ్గా ఆ నీడల్లోనే తెలుస్తుంది.

అయితే పెట్టె అందానికి మురిసిపోకండి. అసలు నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసినట్లు అట్ట మీద ఉందా? దర్శకుడి వ్యాఖ్యానం ఉందా? పాత మాస్టరునే, అంటే డిస్కుకు మూలమైన పాత కాపీనే, రేకు డబ్బాలో పెట్టి అమ్మితే నేను పైసా పెట్టను.

మీరు చూపిన బ్రిటన్ బ్లూరే వెనక ‘బి’ గుర్తు ఉంది. బ్లూరే డిస్కులకు, ప్లేయర్లకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ గుర్తు ఉంటుంది. మన దేశానిది ‘సి’ రీజియన్, కాబట్టి మీ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ బెడద లేదు కానీ, వాటికి వేరే ప్లేయర్ కావాలి.

అమలాపురంలో ఉంటున్నారు కనుక మరో మాట. ఉప్పుగాలికి రేకు డబ్బా అంచులు తుప్పు పడతాయి, వానాకాలంలో పెట్టెతో వచ్చే వ్యాసాల పుస్తకం పేజీలు బూజెక్కి అంటుకుంటాయి. చెమ్మ గోడకు ఆనించిన అల్మారా వద్దు. బిగుతు మూత డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, డిస్కులు నిలువుగా పెట్టండి. రీజియన్ సంగతి అమ్మకందారును అడిగాకే డబ్బు కట్టండి.