ఈఈఈ చదివే బిడ్డ, డేటా సెంటర్ల కరెంటు, సింగరేణి బొగ్గు: భూపాలపల్లి తండ్రికి జవాబు

అన్నా నమస్తే. మీ మెసేజ్ రెండు సార్లు చదివిన. మీది భూపాలపల్లి, సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల డ్యూటీ, బిడ్డ హన్మకొండల హాస్టల్‌ల ఉండి ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, థర్డ్ ఇయర్ చదువుతున్నది, కాలేజీల డేటా సెంటర్లు తినే కరెంటు, తాగే నీళ్ల మీద సెమినార్ ఇచ్చింది, అప్పటిసంది సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పోను, ఎన్విరాన్‌మెంట్‌ల ఎంటెక్ చేస్తా అంటున్నది, చుట్టాలేమో అమీర్‌పేటకు పంపి ఏదన్న కోర్సు చేయించుండ్రి అంటున్నరు. ఆఖరుకు ఇంకో మాట రాసిండ్రు, "నాన్నా నువ్వు తీసే బొగ్గే అక్కడ కాలుతది" అన్నదని, అది మనసుకు తగిలిందని. ఆ మాట దగ్గరికి కూడా వస్తా.

ముందుగాల చెప్పేది, ఈఈఈని వదలనీయకుండ్రి. ఆ పిల్ల ఏ సంగతి చూసి బాధపడుతున్నదో దాని మందు ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్ల చేతులనే ఎక్కువున్నది. డేటా సెంటర్ అంటే అందరికీ కంప్యూటర్లే గుర్తొస్తయి గానీ లోపటికి పోతే కనిపించేది మన బ్రాంచే, ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, బ్యాటరీ రూములు, డీజిల్ జనరేటర్లు, చిల్లర్లు అనే సల్లబరిచే పెద్ద మిషన్లు, పంపులు.

పరకాల దిక్కు నుంచి నా దగ్గరికి వచ్చిన పిలగాడొకడు డిప్లొమా చేసి, బీటెక్ రెండో ఏడుల చేరే ఈసెట్ పరీక్ష రాసి, బీటెక్ అయి ఇప్పుడు హైదరాబాద్ దగ్గర ఒక డేటా సెంటర్‌ల షిఫ్ట్ ఇంజనీర్, వాని పుణ్యాన ఒకసారి సర్వర్ హాలు చూసిన. సర్వర్లు, అంటే ఆ కంప్యూటర్లు, పేర్చిన ర్యాకుల ముందట నిలబడితే సల్లగ ఉన్నది, వెనక్కి పోయి అరచెయ్యి పెడితే ఎండాకాలం లారీ రేడియేటర్ ముందట పెట్టినట్టు వేడి గాలి. సర్వర్లు పెట్టని ఖాళీ అరలకు ప్లాస్టిక్ పలకలు బిగించి ఉన్నయి, ఎందుకని అడిగితే, ఆ సందు తెరిచి ఉంటే వెనకటి వేడి గాలి మల్లా ముందటికి వస్తది సార్, అప్పుడు ఏసీ ఇంకింత గట్టిగ తిరగాలె అన్నడు. చేతెడు పలక అది. కరెంటు ఎక్కడ కారిపోతున్నదో ఎక్కడ ఆపాలెనో ఆ పలక చూసినంక నాకు బాగ అర్థమయింది.

లెక్క కూడా చెప్తా, బిడ్డకు చూపియ్యుండ్రి. పీయూఈ అని ఒక కొలత ఉంటది, మొత్తం బిల్డింగ్ గుంజే కరెంటును సర్వర్లకు పోయే కరెంటుతో భాగిస్తే వచ్చేది. సర్వర్లు ఒక మెగావాట్ తీసుకుంటే, పీయూఈ 1.5 ఉన్నకాడ మొత్తం ఒకటిన్నర మెగావాట్లు పోతది. దాన్ని 1.3కు దించితే 200 కిలోవాట్లు మిగులుతది, అంటే రోజుకు 4,800 యూనిట్లు. థర్మల్ కరెంటు అయితే యూనిట్‌కు అటూఇటు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతది, అంటే రోజుకు మూడు టన్నుల బొగ్గు కాలకుండ ఆగినట్టు, అదీ ఒక్క మెగావాట్ మీద! ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ లెక్కల 2024ల ప్రపంచం మొత్తం మీద డేటా సెంటర్లు వాడింది సుమారు 41,500 కోట్ల యూనిట్లు, మొత్తం కరెంటుల ఒకటిన్నర శాతం, 2030 నాటికి అది 94,500 కోట్లకు పోతదని అంచనా. మన దగ్గరనే చూడుండ్రి, 2022 మార్చిల మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌ల డేటా సెంటర్లు పెడతమని ప్రకటించింది, అదే ఏడు నవంబర్‌ల అమెజాన్ హైదరాబాద్ రీజియన్, అంటే దాని డేటా సెంటర్ల గుంపు, మొదలయింది, 2025 అక్టోబర్‌ల గూగుల్ విశాఖపట్నంల డేటా సెంటర్‌కు 1,500 కోట్ల డాలర్లు పెడతమన్నది.

నీళ్ల సంగతి మన ఇంట్ల కూలర్ చూస్తే తెలుస్తది. మే నెలల నీళ్లు పోస్తే సల్లగ కొడతది, పొద్దుగూకేసరికి ట్యాంక్ ఖాళీ, అదే వానకాలంల పెడితే జిడ్డు తప్ప సల్లదనం రాదు, గాల్ల అప్పటికే తేమ ఉంటది గనుక నీళ్లు ఆవిరి కావు. కూలింగ్ టవర్ కూడా గంతే. నీళ్లు ఆవిరి చేస్తే కరెంటు తక్కువ పడతది, నీళ్లు మిగుల్చుదమని గాలితోని నడిచే చిల్లర్ పెడితే కరెంటు ఎక్కువ గుంజుతది. ఏ ఊర్ల ఏది పెట్టాలె, బోర్ నీళ్లా, శుద్ధి చేసిన మురుగు నీళ్లా, ఇది లెక్కలు వచ్చినోళ్లు కూసొని తేల్చే పని, ఇసొంటి పనికే నేను మీ బిడ్డను పొమ్మంటున్న.

ఎంటెక్ తర్వాత చూద్దం. చేస్తే గీస్తే పవర్ ఎలక్ట్రానిక్స్‌లనో ఎనర్జీ సిస్టమ్స్‌లనో చేస్తే ఈఈఈ చదువు వృథా పోదు, గేట్ మంచిగ రాస్తే ఎన్‌ఐటీ వరంగల్ మన పక్కనే ఉన్నది, ఎన్‌టీపీసీ కూడా ఇంజనీర్లను గేట్ స్కోరు మీదనే తీసుకుంటది. పైథాన్, ఎక్సెల్ మాత్రం నేర్వమనుండ్రి, మీటర్ రీడింగులు వేల లైన్లు వస్తయి, చేతితోని కావు, దానికి అమీర్‌పేట దాకా పోవుడు ఎందుకు, హాస్టల్‌ల కూసొని నేర్వొచ్చు. కొన్నేండ్లు పని చేసినంక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు, ఆ సర్టిఫికెట్‌కు ఫ్యాక్టరీలల్ల విలువ ఉంటది.

ఒక చేదు మాట కూడా చెప్పాలె. డేటా సెంటర్ కట్టేటప్పుడు మంది మస్తు కావాలె, కట్టుడు అయినంక అంత పెద్ద క్యాంపస్ నడిపేది తక్కువ మందే, పైగ నైట్ షిఫ్టులు. అందుకే దాని ఒక్కదాని మీదనే ఆశ పెట్టుకోనీయకుండ్రి. ఇదే చదువుతోని ఆసుపత్రులు, ఫార్మా కంపెనీలు, కోల్డ్ స్టోరేజీలు, సిమెంట్ ఫ్యాక్టరీలు, కరెంటు డిపార్ట్‌మెంట్, ఎటైనా పోవచ్చు, చిల్లర్ ఎక్కడున్నా చిల్లరే.

ఇప్పుడే చేసే పని ఒకటున్నది. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌నో సర్వర్ రూమునో ప్రాజెక్టుగ తీసుకోమనుండ్రి. హెచ్‌ఓడీ పర్మిషన్ తీసుకొని, ల్యాబ్ టెక్నీషియన్‌ను పక్కన పెట్టుకొని, ఒంటరిగ ప్యానెల్ తెరువొద్దు, వారం రోజులు యూపీఎస్ రీడింగ్, ఏసీల రీడింగ్, రూము టెంపరేచర్ గంట గంటకు రాయాలె. తర్వాత ఏసీ రెండు డిగ్రీలు పెంచి మల్లా వారం. ఇంటర్వ్యూల ఆ నోట్‌బుక్ ముందట పెడితే సగం మాట్లాడే పని ఉండదు.

ఇగ మీ బాధ. అన్నా, బిడ్డ మిమ్మల్ని తప్పు పట్టలేదు, లెక్క చెప్పింది అంతే. చెల్పూరు కేటీపీపీ థర్మల్ కరెంటు ప్లాంట్ పొగ గొట్టాలు చూసుకుంట పెరిగిన పిల్ల, ఫోన్‌ల వీడియోకు, మీ టిప్పర్‌ల బొగ్గుకు నడుమ ఉన్న తీగ దానికి కనిపించింది, పుస్తకం చదివి నేర్చుకున్న పిల్లలకు అంత తొందరగ కనిపించదు. మీరు తెచ్చిన జీతంతోని చదివినందుకే ఆ చూపు వచ్చింది. ఓ ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు మీ షిఫ్టుల ఎన్ని టిప్పర్లు నిండుతయో, ఒక్కోదాంట్ల ఎన్ని టన్నులు పడతయో చెప్పుండ్రి, ఆ మూడు టన్నులు ఎంతనో దానికి అప్పుడు కండ్లకు కడతది.

సెమినార్ పేపర్ వాట్సాప్‌ల పంపమనుండ్రి, చదివి ప్రాజెక్టుకు ఏం ఏం మీటర్లు కావాలెనో రాసి పంపుత.