‘నాన్న గురించి అలా రాయొచ్చా?’ – పుస్తకాల పేజీకి మీ ప్రశ్నలు

గత సంచికలో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆత్మకథ ‘బోర్న్ టు రన్’ గురించి రాశాను. 2009లో మొదలుపెట్టి, ఆపుతూ రాస్తూ, ఏడేళ్లకు పూర్తిచేశారు. 2016 సెప్టెంబరులో అచ్చయింది. 1975లో ఆయన్ని స్టార్‌ని చేసిన ఆల్బమ్ పేరే పుస్తకానికీ పెట్టుకున్నారు. కానీ నేను పాటల గురించి తక్కువ రాసి, ఆయన తండ్రి డగ్లస్ గురించి ఎక్కువ రాశాను. న్యూజెర్సీలో ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊళ్లో, రాత్రిపూట లైటు తీసేసిన వంటగదిలో బీరు, సిగరెట్లతో ఒక్కడే కూర్చునే మనిషి ఆయన. ఆ వ్యాసానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చోటు ఉన్నంతవరకు జవాబు రాస్తున్నాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాక్ సంగీతం ఎప్పుడూ వినలేదు. అయినా ఈ పుస్తకం చదవొచ్చా మేడమ్? ఐదొందల పేజీలంటే భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని, నెల్లూరు

తప్పకుండా చదవమ్మా. అధ్యాయాలు చిన్నవి, రోజుకు రెండు మూడు సులువుగా అయిపోతాయి. మొత్తం మూడు భాగాల్లో మొదటిది బాల్యం. దానికి సంగీత పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు, ఇరుకు ఇల్లు, కోపం, పేదరికం తెలిస్తే చాలు. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే ఆడియో పుస్తకం విను, ఆయనే చదివారు. ముందుగా రెండు పాటలు వినమంటాను. ఒకటి 1980 నాటి ‘ఇండిపెండెన్స్ డే’, ఇల్లు వదిలి వెళ్తున్న కొడుకు తండ్రితో మాట్లాడే పాట. రెండోది 1982 నాటి ‘మై ఫాదర్స్ హౌస్’. రెండింటిలోనూ హడావుడి లేదు, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. మీ వ్యాసం చదివి బాధపడ్డాను. తండ్రి తాగేవాడని, మాట్లాడేవాడు కాదని, మనసు జబ్బు ఉందని లోకానికంతా చెప్పడం ఏం గొప్ప? చనిపోయినవాడు తిరిగొచ్చి సమాధానం చెప్పుకోలేడు కదా. మీరు దాన్ని మెచ్చుకోవడం ఇంకా నచ్చలేదు.
– విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కరీంనగర్

మాస్టారూ, చనిపోయినవాడు సమాధానం చెప్పుకోలేడన్న మీ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అది నిజం. అందుకే ఆ పుస్తకం మళ్లీ తీసి, తండ్రి కనిపించే పేజీలన్నీ మీ మాట గుర్తుపెట్టుకుని చదివాను.

డగ్లస్ బడి మధ్యలో మానేసిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చారు. తర్వాత తివాచీల మిల్లు, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ, బస్సు డ్రైవరు, జైలు గార్డు. ఏ పనిలోనూ నిలదొక్కుకోలేదు. ఆయనకు వర్జీనియా అని అక్క ఉండేది. 1927లో, ఐదేళ్ల వయసులో, మూడు చక్రాల సైకిల్ తొక్కుతుంటే ట్రక్కు గుద్ది చనిపోయింది. ఆ తల్లి, అంటే బ్రూస్ నాయనమ్మ, ఆ దుఃఖం నుంచి కోలుకోలేదు. డగ్లస్ పెరిగింది ఆ ఇంట్లో. తర్వాత మనవడు పుడితే, పోయిన కూతురికి ఇవ్వలేకపోయిన ప్రేమంతా వాడికి పెట్టిందావిడ. వాడు రాత్రి మూడింటి దాకా మెలకువగా ఉన్నా ఏమీ అనేది కాదట. కన్నకొడుకు డగ్లస్ మాత్రం పక్కనే ఉండి అదంతా చూస్తూ ఉన్నాడు. ఇదంతా రాసింది డగ్లస్ కొడుకు బ్రూసే. తండ్రిని తప్పుపట్టడానికి కూర్చున్నవాడు ఆయన బాల్యం దాకా వెళ్లి ఇంత వెతకడు.

కటువైన విషయాలూ రాశారు. పదిహేడేళ్లప్పుడు మోటారు సైకిల్ ప్రమాదంలో దెబ్బలు తగిలి బ్రూస్ మంచం మీద ఉంటే, తండ్రి మంగలిని పిలిపించి ఆ పొడవాటి జుట్టు కత్తిరించేశాడు. కదలలేని పిల్లాడు అరిచి గీపెట్టాడు. ‘సైన్యంలోకి తీసుకుంటే వీడు దారికొస్తాడు’ అనేవాడు కూడా. సరే, వియత్నాం యుద్ధానికి పిలుపొచ్చింది. శరీర పరీక్షలో బ్రూస్‌ను వద్దన్నారు. ఇంటికొచ్చి భయంభయంగా ఆ మాట చెబితే, తండ్రి ‘మంచిదైంది’ అని ఊరుకున్నాడు. ఈ సంగతి ఆయన 1980ల్లో వేదికల మీద చెప్పేవారు, 1986లో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లో రికార్డు అయి ఉంది. ఆ ఒక్క మాట దగ్గర జనం ఎలా అరిచారో వినండి మాస్టారూ.

1990లో బ్రూస్‌కి మొదటి బిడ్డ పుట్టబోయే ముందు, కాలిఫోర్నియాలోనే ఉంటున్న తండ్రి వందల మైళ్లు కారు నడుపుకుంటూ చెప్పాపెట్టకుండా లాస్ ఏంజెలెస్‌లో కొడుకు ఇంటికొచ్చాడు. నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేను నిన్ను సరిగా చూసుకోలేదు అన్నాడు. మీకు చేతనైనంత చేశారని కొడుకు అన్నాడు. అంతే సంభాషణ. ఆ మనసు జబ్బుకు పారనాయిడ్ స్కిజోఫ్రీనియా (లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగే జబ్బు) అని పేరు తెలిసింది తండ్రి జీవితం చివరి దశలో. 1998లో ఆయన పోయారు. పుస్తకం వచ్చింది ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు. జబ్బు సంగతి దాచి ఉంటే మిగతా పేజీల్లో ఆయన ఉత్త దుర్మార్గుడిగా మిగిలిపోయేవాడు.

నేనెందుకు మెచ్చుకున్నానో కూడా చెప్పాలి. మా నాన్న కృష్ణా జిల్లాలో ఒక చక్కెర మిల్లులో ఫిట్టరు. క్రషింగ్ సీజన్ నడిచినంతకాలం మామూలుగా ఉండేవారు. సీజన్ అయిపోయిందా, పెరట్లో నులకమంచం వాల్చుకుని కూర్చునేవారు. చీకట్లో చార్మినార్ సిగరెట్ నిప్పు తప్ప ఏమీ కనిపించేది కాదు. తెలియక ఎవరైనా పెరటి లైటు వేస్తే ‘తియ్యి’ అనేవారు. కొన్ని రోజులు మేం ఆయన నోట విన్న మాట అదొక్కటే. ‘ఆయన తత్వమే అంత’ అనేది అమ్మ. మేనత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. 1991లో పోయారు. నాకు ముప్పై దాటేదాకా, నాన్నకు నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను. ఈ పుస్తకంలో ఆ చీకటి వంటగది వచ్చిన పేజీ దగ్గర పుస్తకం మూసి మా చెల్లికి ఫోన్ చేశాను. ఇద్దరం నాన్న గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆయనకు ఉన్నది జబ్బేనా అని తేల్చే దారి ఇప్పుడు లేదు. కానీ అయ్యుండొచ్చు అన్న ఆలోచన రావడానికే ఆయన పోయి పాతికేళ్లు పట్టింది. మన ఇళ్లలో ఈ సంగతి ఎవరో ఒకరు ముందే రాసి ఉంటే బాగుండేదని నా కోరిక మాస్టారూ. మీ అభిప్రాయం మారాలని అడగడం లేదు.

వ్యాసమంతా తండ్రే. తల్లి ఏమైంది? ఇల్లు నడిపింది ఆవిడ కాదా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

నా తప్పేనండీ. పుస్తకంలో అడెల్ బ్రహ్మాండంగా ఉన్నారు. ఇటాలియన్ కుటుంబం నుంచి వచ్చిన ఆవిడ, లాయరు ఆఫీసులో సెక్రటరీ. భర్త చేతిలో పని ఉన్నా లేకపోయినా ఈవిడ పొద్దున్నే చక్కగా తయారై ఆఫీసుకు వెళ్లాల్సిందే. డాన్సు అంటే ప్రాణం. 1956లో టీవీలో ఎల్విస్ ప్రెస్లీని చూసి ఏడేళ్ల బ్రూస్ గిటారు కావాలంటే, కొనే స్తోమత లేక అద్దెకు తెచ్చారు. పిల్లాడి చిన్న చేతికి అది అందలేదు, తిరిగి ఇచ్చేశారు. ఇచ్చేముందు పిల్లాడు దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, వాయించడం రాకపోయినా, వాడకట్టు పిల్లల ముందు వాయిస్తున్నట్టు ఊగిపోయాడట. తర్వాత కొన్నేళ్లకు, ఆవిడ అప్పు చేసి అరవై డాలర్లు పెట్టి క్రిస్మస్‌కు కొత్త గిటారు కొనిపెట్టారు. అరవై డాలర్లు ఆ ఇంటికి చాలా పెద్ద మొత్తం. ‘ది విష్’ అన్న పాట ఆ గిటారు గురించే, ఆవిడ గురించే. చివర్లో అల్జీమర్స్ వచ్చింది. 2024 జనవరిలో కన్నుమూశారు. జ్ఞాపకం పోయినా, పాట వేస్తే కొడుకుతో కలిసి అడుగులు వేసేవారు.

ఫ్యాక్టరీ కార్మికుల గురించి పాడి కోట్లు సంపాదించాడు. ఒక్కరోజైనా ఫ్యాక్టరీలో పనిచేశాడా? ఇది మోసం కాదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

చేయలేదు. ఆ మాట ఆయనే అన్నారు. తనలో కొంచెం మోసం ఉందని ముందుమాటలోనే ఒప్పుకుంటారు. 2017 అక్టోబరు నుంచి 2018 డిసెంబరు దాకా న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపడ్డ బ్రాడ్‌వేలో ఈ పుస్తకం ఆధారంగా 236 ప్రదర్శనలు ఇచ్చారు. అక్కడ కూడా, ఫ్యాక్టరీ లోపల అడుగు పెట్టకుండానే దాని గురించి రాశానని మొదట్లోనే చెప్పేశారు. అయితే ఫ్యాక్టరీ నుంచి అలిసిపోయి వచ్చిన మనిషి పక్కన పదిహేనేళ్లు కూర్చుని అన్నం తిన్నారు. ఊరి తివాచీల మిల్లు మూతపడి, ప్రధాన వీధిలో కొట్లు ఒక్కొక్కటే ఖాళీ కావడం చూశారు. నేను ఫిట్టరు కూతుర్ని, నేనూ మిల్లులో పనిచేయలేదు. మిల్లు సైరన్ విని నాన్న టిఫిన్ డబ్బా సర్దిన చేతులు నావి. మా వీధి గురించి నేను రాస్తే దాన్ని మోసం అనకండి బాబూ.

సగం దాటాక విసుగొచ్చింది. అన్నీ పెద్దక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, ఉపన్యాసం ధోరణి. మీకు అనిపించలేదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

అనిపించింది. వేదిక మీద మైకు ముందు నప్పే గొంతు అది, కాగితం మీద కొన్నిచోట్ల అరుస్తున్నట్టుంది. మూడో భాగంలో కచేరీల వివరాలు తగ్గించాల్సింది. మొదటి భార్య గురించి చాలా తొందరగా దాటేశారు, తన తప్పు ఒప్పుకున్నారు గానీ అది చాలదు. మీ విమర్శ వర్తించదని నాకు అనిపించిన చోటు ఒక్కటే, 2011లో పోయిన, తన బృందంలోని శాక్సోఫోన్ వాద్యకారుడు క్లారెన్స్ క్లెమన్స్ ఆసుపత్రి మంచం పక్కన ఆయన కూర్చున్న పేజీలు. అక్కడ గొంతు పూర్తిగా తగ్గించేశారు.

డబ్బు, పేరు, కుటుంబం అన్నీ ఉన్నవాడికి డిప్రెషన్ ఎందుకొచ్చింది మేడమ్? మా అన్నయ్య ఏడాదిగా గదిలోంచి బయటికి రావడం లేదు. ‘పని చేసుకుంటే అదే పోతుంది’ అంటారు ఇంట్లో. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు, ఊరు వద్దన్నారు

ఉత్తరం రాసి మంచి పని చేశావు తల్లీ. ‘పని చేసుకుంటే పోతుంది’ అనేవాళ్లకు ఈ పుస్తకమే జవాబు. ఒక్కో రాత్రి మూడు గంటలకు పైగా పాడే మనిషి, ఆయన కంటే ఎక్కువ పనిచేసేవాళ్లు అరుదు. 1982లో అద్దె ఇంటి పడకగదిలో క్యాసెట్ రికార్డరు పెట్టుకుని ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ ఒక్కడే రికార్డు చేశారు. ఆ తర్వాత కారులో కాలిఫోర్నియా బయల్దేరితే, దారిలో టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి సంబరం చూస్తూ ఉన్నట్టుండి లోపలంతా కూలిపోయింది. అప్పుడు మొదటిసారి డాక్టరును కలిశారు. అరవై ఏళ్లకు అది మళ్లీ వచ్చి రెండేళ్లు కుదిపేసింది. ఒక ఏడాది బాగుండి, అరవై మూడులో ఇంకోసారి వచ్చింది. భార్య పాటీ ముందే పసిగట్టి డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లేదని, మందులు తనకు పనిచేశాయని దాపరికం లేకుండా రాశారు. తండ్రికి దొరకనిది కొడుక్కి దొరికింది, సమయానికి వైద్యం.

నువ్వు చేయాల్సింది, మీ అన్నయ్యను సైకియాట్రిస్టుకు చూపించడం. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడుగు. అతను రానంటే ముందు నువ్వే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ‘టెలి మానస్’కి ఫోన్ చెయ్యి. నంబరు 14416, ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు. చచ్చిపోతానన్న మాట అతని నోట ఒక్కసారి వచ్చినా ఆ రోజే తీసుకెళ్లు, ఒంటరిగా వదలొద్దు. అతని గది తలుపు దగ్గర రోజూ కాసేపు కూర్చో. మాట్లాడకపోయినా సరే. మా ఇంట్లో మేం అది చేయలేదు.

అక్కా, మేం ఎడిసన్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. పిల్లల్ని తీసుకుని ఆస్బరీ పార్క్ బీచ్‌కి ఎన్నోసార్లు వెళ్లాం. ఫ్రీహోల్డ్ మీదుగానే వెళ్లేవాళ్లం, ఈ కథంతా అక్కడిదని మీ వ్యాసం చూసేదాకా తెలియదు. ఈసారి వెళ్తే ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

ఎంత సంతోషమో చెల్లీ! ఆస్బరీ పార్క్‌లో 1974లో తెరిచిన ‘స్టోన్ పోనీ’ అనే చిన్న క్లబ్బు సముద్రం ఎదురుగానే ఉంటుంది, అది అందరూ చూపిస్తారు. నువ్వు మాత్రం ముందు ఫ్రీహోల్డ్‌లో రాండాల్ఫ్ వీధికి వెళ్లు. సెయింట్ రోజ్ చర్చి పక్కన, నాయనమ్మతో కలిసి ఆయన ఉన్న మొదటి ఇల్లు అక్కడే ఉండేది. ఇప్పుడు ఇల్లు లేదు. పుస్తకం మొదటి పేజీలో ఆ ఇంటి ముందు రాగిరంగు ఆకుల పెద్ద చెట్టు ఉంటుంది (‘బీచ్’ అనేది ఆ చెట్టు జాతి పేరు, సముద్రపు బీచ్ కాదు), ఊళ్లోకెల్లా పెద్దది. పేరు వచ్చాక కూడా ఆయన ఏళ్ల తరబడి రాత్రిళ్లు కారులో పాత ఇళ్ల ముందు తిరిగేవారట. ఎందుకలా చేస్తున్నానని డాక్టరును అడిగితే, అక్కడ జరిగిన తప్పేదో సరిచేయాలని వెళ్తున్నావు, అది నీవల్ల కాదు అన్నాడని 1990లో ఒక కచేరీలో చెప్పారు. పుస్తకం చివర్లో మళ్లీ ఆ వీధికి వెళ్తే చెట్టు లేదు, కొట్టేశారు. వేళ్లు మట్టిలో ఉన్నాయి. అక్కడే నిలబడి చిన్నప్పటి ప్రార్థన చెప్పుకున్నారు.

పిల్లల్ని కూడా తీసుకెళ్లు. ఆ చోట ఇప్పుడు ఏముందో చూసి, వీలైతే ఒక ఫొటో తీసి పంపు. మా చెల్లికి చూపించాలి.