నిద్రలో మా పగ్ ఊపిరి ఆగి ఆగి వస్తోంది, అసలు ఊపిరికి పాటకు వేసినట్టు తాళం వేసేది ఎవరు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ నాలుగేళ్ల పగ్ కుక్క నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపేసి, తర్వాత గబగబా తీసుకుంటోంది, భయపడాలా అన్నది ఒకటి. గుండె తనంతట తాను కొట్టుకున్నట్టు ఊపిరితిత్తులు కూడా తమంతట తాము ఆడతాయా, లేక మెదడు చెబితేనే ఆడతాయా అన్నది రెండోది. నేను రెండోదానితో మొదలుపెడతాను, అది అర్థమైతే మొదటిదానికి సగం జవాబు మీకే తెలిసిపోతుంది. నేను పశువుల డాక్టర్ని. ఊరు నెల్లూరు దగ్గర, పన్నెండేళ్లుగా ఉండేది చెన్నైలో, చూసేది ఎక్కువగా కుక్కలూ పిల్లులే.

తమంతట తాము ఆడవు. పేరులోనే ఉంది చూడండి, తిత్తి అని. కొలిమి దగ్గర తోలు తిత్తిని ఎవరో ఒకరు లాగి వదిలితేనే గాలి కొడుతుంది, ఇదీ అంతే. గుండెకు తాళం వేసే సొంత కణాలు, పేస్‌మేకర్ కణాలు, ఉన్నాయి కాబట్టి, దాన్ని బయటికి తీసినా తగిన ద్రవం అందిస్తే కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. ఊపిరితిత్తిని తీసి పక్కన పెడితే అది గాలి పోయిన బెలూనే. దాన్ని లాగే డయాఫ్రమూ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పల్చటి కండరం), పక్కటెముకల మధ్య కండరాలూ మన చేతుల్లో కాళ్లలో ఉండే కండరాల్లాంటివే, నరం ద్వారా కబురు రాకపోతే కదలవు.

పరీక్షలో ఇదంతా రాసే పాసయ్యాను కానీ నిజంగా అర్థమైంది మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక లాబ్రడార్‌కి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. మత్తు ఇవ్వడం నా పని. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మందును మెల్లగా ఎక్కించాలి, నేను కాస్త తొందరపడ్డాను. కుక్క ఊపిరి ఆగిపోయింది. మానిటర్ మీద గుండె మాత్రం చక్కగా బీప్ బీప్ అంటోంది. గొంతులో ట్యూబు వేసి, ఆక్సిజన్ పెట్టి, ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టే బ్యాగు నొక్కడం మొదలుపెట్టాను. టెన్షన్‌లో ఎంత వేగంగా నొక్కుతున్నానో నాకే తెలియదు. పది నిమిషాలైనా అది సొంతంగా ఒక్క ఊపిరి తీసుకోలేదు. మందు ఎప్పుడో దిగిపోయి ఉండాలి, ఇంకా ఏమిటిది అని చెమటలు పట్టాయి.

"సార్, ఊపిరి తీసుకోవట్లేదు" అన్నాను.

మా సీనియర్ వచ్చి తెర వైపు చూశారు. బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపే అంకె 24 దగ్గర ఉంది. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి. "దాన్ని ఊపిరి తీసుకోనివ్వనిది నువ్వేనమ్మా. నిమిషానికి రెండు సార్లు నొక్కు చాలు, ఆక్సిజన్ ఉందిగా, చూస్తూ ఉండు" అన్నారు. చూస్తూ ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అంకె 30 అయింది, 36, 41, ఇంకా ఏమీ లేదు. 45 దాటాక ఛాతీ ఒక్కసారి, ఎవరో లోపలి నుంచి తట్టినట్టు, పైకి లేచింది. కాసేపటికి ఇంకొకటి. అలా అలా తాళం కుదిరింది.

మామూలుగా మన చేత ఊపిరి తీయించేది ఆక్సిజన్ తగ్గడం అనుకుంటాం కదా, కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది పెరిగితే మెదడు చుట్టూ ఉండే ద్రవం కాస్త ఆమ్లంగా మారుతుంది, మెదడు అడుగున ఉండే కొన్ని కణాలు దాన్ని పసిగట్టి ఊపిరిని తోస్తాయి. నేను బ్యాగు నొక్కి నొక్కి దాన్నంతా ఊదేశాను. తోసేది లేనప్పుడు మత్తులో ఉన్న మెదడు ఎందుకు కదులుతుంది? ఆక్సిజన్ సంగతి చూసే కాపలా వేరే ఉంది, మెడలో, తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత ముద్ద. రక్తంలోని సమాచారం అక్కడి నుంచి నరం ద్వారా మెదడుకు వెళ్తుందని కుక్కల మీద ప్రయోగాలతో చూపించినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమాన్స్‌కి 1938 నోబెల్ వచ్చింది. ఈ కాపలా రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయాక, దాని పీడనం మామూలు 100 దగ్గర నుంచి సుమారు 60 మిల్లీమీటర్ల (పాదరసం) కిందికి వచ్చాక గానీ గట్టిగా అరవదు.

ఇక్కడ ఒక పక్క మాట. మా ఊళ్లో మా అన్నయ్యా వాళ్ల స్నేహితులూ బావిలో ఎక్కువసేపు మునిగి ఉండే పందెం వేసుకునేవాళ్లు, దూకే ముందు పది పదిహేను సార్లు బుస్సు బుస్సుమని ఊపిరి పీల్చి వదిలేవాళ్లు. అలా చేస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఊడ్చుకుపోతుంది. దాంతో పైకి రావాలన్న ఆత్రం పుట్టేలోపే ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ పోతుంది. వాళ్లలో ఒకడు అలాగే పోబోయాడు, జుట్టు పట్టి లాగారు కాబట్టి బతికాడు. ఆ రోజు బావిలో, తర్వాత నా టేబుల్ మీద జరిగింది ఒకటేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

సరే, తోసేది కార్బన్ డయాక్సైడ్, మరి తాళం ఎక్కడ పుడుతుంది? 1812లోనే లెగల్వా అనే ఫ్రెంచి వైద్యుడు కుందేళ్ల మెదడును పై నుంచి పొరలు పొరలుగా తీసేస్తూ పోయాడు (చదవడానికే బాధగా ఉంటుంది), పెద్ద మెదడు పోయినా, చిన్న మెదడు పోయినా ఊపిరి ఆగలేదు, మెడుల్లాలో, అంటే మన స్కూలు పుస్తకాల మజ్జాముఖంలో, ఒక చిన్న చోటికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ చోటు కచ్చితంగా ఏదో తేలడానికి 1991 దాకా పట్టింది. జాక్ ఫెల్డ్‌మన్, జెఫ్రీ స్మిత్, వాళ్ల తోటివాళ్లు అప్పుడే పుట్టిన ఎలుక మెదడు నుంచి పల్చటి ముక్క కోసి గిన్నెలో పెడితే, ఊపిరితిత్తులు లేవు, ఎలుకే లేదు, అయినా ఆ ముక్క ఊపిరి తాళం వేస్తూనే ఉంది. ఆ చోటికి ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్ అని పేరు. బోట్జింగర్ ఎవరో మహా పండితుడు అనుకునేదాన్ని, తీరా చూస్తే జర్మనీలో ఒక సమావేశంలో బల్ల మీదున్న వైన్ సీసా పేరట. ఊపిరి కేంద్రానికి సారా సీసా పేరు, ఏం చేస్తాం.

అక్కడ పుట్టిన తాళం వెన్నుపాములో మెడ దాకా దిగి ఫ్రెనిక్ నరం ద్వారా డయాఫ్రానికి చేరుతుంది. మనుషుల్లో ఆ నరం మెడలో మూడు, నాలుగు, ఐదో వెన్నునరాల నుంచి వస్తే, కుక్కలో ఐదు, ఆరు, ఏడు. రోడ్డు మీద బండి గుద్దిన వీధి కుక్కల్ని రోజూ చూస్తుంటాం, నడుం విరిగి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చినా ఊపిరి మాత్రం బాగానే తీస్తుంటాయి. దెబ్బ మెడలో పైన తగిలితే అది మా దాకా రాదు. కట్లపాము కరిచిన కుక్క కథ ఇంకో రకం: మెదడులో తాళం బాగానే ఉంటుంది, నరమూ బాగుంటుంది, కానీ నరం కండరానికి కబురు అందించే ఆఖరి మెట్టు దగ్గర విషం అడ్డుపడుతుంది. చెంగల్పట్టు వైపు నుంచి ఒకసారి అలాంటి కుక్కను తెచ్చారు, యాంటీవీనమ్ ఇచ్చి రాత్రంతా వంతులేసుకుని బ్యాగు నొక్కాం. తెల్లారి తోక కదిపింది, తర్వాత ఊపిరి. నొక్కే మనుషులుంటే తిత్తికి పట్టింపు లేదన్నమాట.

ఈ తాళాన్ని సినిమా హాలు ఫ్యాన్‌లా ఒకే వేగంతో తిరిగేది అనుకోకండి, దాని మీద ఎవరు పడితే వాళ్లు చెయ్యేస్తుంటారు. ఊపిరితిత్తి బాగా ఉబ్బితే వేగస్ నరం ఇక చాలని చెబుతుంది, 1868లో హెరింగ్, బ్రాయర్ కనిపెట్టింది అదే. నిట్టూర్పు సంగతి ఇంకా బాగుంటుంది. కుక్క పడుకునే ముందు ఉస్సురుమని పెద్దగా ఊపిరి వదులుతుంది కదా, ఆడిట్ అయిపోయిన మేనేజరులా. మనం దానికేదో దిగులు అనుకుంటాం. దిగులున్నా లేకపోయినా మనుషులు కూడా సుమారు ఐదు నిమిషాలకొకసారి తెలియకుండానే అలా తీస్తారు, లేకపోతే ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు కొన్ని మెల్లగా మూతపడతాయి. నిడు ఊర్పే నిట్టూర్పు, పొడవాటి ఊపిరి, మాటలోనే ఉంది. ఎలుకల్లో దీనికి విడిగా ఓ 200 నాడీకణాల చిన్న వలయం ఉందని, అవి రెండు రకాల పెప్టైడ్లను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కల్ని, వదిలి ప్రీ-బోట్జింగర్‌కు చెబుతాయని 2016లో తేలింది. మత్తులో నిట్టూర్పు పోతుంది, అందుకే ఆపరేషన్ మధ్యలో అప్పుడప్పుడు ఒక పెద్ద నొక్కు నొక్కుతాం. దాని బదులు మేం నిట్టూరుస్తాం.

ఇక వేడి. మే నెలలో, ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే రోజుల్లో, క్లినిక్‌లో కుర్చీ కింద పడుకున్న ప్రతి కుక్కా నాలుక వేలాడేసి రొప్పుతుంటుంది, నిమిషానికి 300 దాకా. మెదడులో ఉష్ణోగ్రత చూసే హైపోథాలమస్ తాళాన్ని ఎక్కువ చేస్తుంది. అంత వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఊడ్చుకుపోవాలి కదా, నా లాబ్రడార్‌కి అయినట్టు? పోదు, ఆ ఊపిరి చాలా పైపైది, నోరూ ముక్కూ గొంతూ దాకా వెళ్లి తడి ఆరబెట్టి వచ్చేస్తుంది. వేడి మరీ ఎక్కువైతే ఆ లెక్కా తప్పుతుంది. మీ పగ్ విషయంలో ఇది గుర్తుంచుకోండి, పొట్టి ముక్కు వల్ల దానికి ఆరబెట్టే జాగా తక్కువ.

అన్ని జంతువులూ ఇలాగే కాదు. తల తెగిన బొద్దింక చాలాసేపు ఎలా బతుకుతుందని పిల్లలు అడుగుతుంటారు, దానికి ఊపిరి పక్కల రంధ్రాల్లోంచి, నడిపేది ఒళ్లంతా పరుచుకున్న నరాల ముడులు, తల ఒక్కటే కాదు. చేపకు కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో తేలిగ్గా కలిసిపోతుంది కాబట్టి అది ప్రధానంగా ఆక్సిజన్‌నే చూసుకుంటుంది. పక్షికి డయాఫ్రం లేదు, రొమ్ము ఎముక కిందికీ పైకీ ఆడాలి. దయచేసి లవ్‌బర్డ్స్‌ని ఛాతీ చుట్టూ గట్టిగా బిగించి పట్టుకు తేకండి, మెదడు ఎంత చెప్పినా ఎముక కదలకపోతే ప్రాణం పోతుంది. ఒకాయన అలాగే రుమాల్లో చుట్టుకుని తెచ్చాడు, నేను విప్పేసరికే అయిపోయింది. 1990లో ఒక చెరువు నత్త నుంచి మూడే మూడు నాడీకణాలు తీసి గిన్నెలో పెంచితే, అవి తమలో తాము కలుపుకుని ఊపిరి తాళం వేశాయి, నత్తకు అంత చాలు. మనకూ కుక్కకూ వేలల్లో కావాలి.

సిజేరియన్‌లో పుట్టిన కుక్కపిల్లల్ని చూస్తే ఈ తాళం ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. గర్భంలోనే పిండం ఉత్తుత్తి ఊపిరి సాధన చేస్తుంటుంది, గాలి లేకుండానే. బయటికి తీశాక టవలుతో గట్టిగా రుద్దుతాం, ముక్కు కింద చీలిక దగ్గర సన్నటి సూదితో గుచ్చుతాం. పాతకాలంలో కాళ్లు పట్టి ఊపేవాళ్లు, తలకు దెబ్బని ఇప్పుడు మానేశాం. మొదటి ఊపిర్లు వంకరటింకరగా వస్తాయి, ఒకటి, ఆగడం, రెండు, ఆగడం, ఒక కీచు. మా అటెండర్ సెల్వం అన్నకి ఆ కీచు వినపడితే గానీ టీ దిగదు.

ఇక మీ పగ్. నిద్రలో కాళ్లు కొట్టుకుంటూ, కనురెప్పల కింద కళ్లు కదులుతూ ఉన్నప్పుడు ఊపిరి తాళం తప్పితే అది కలల నిద్ర, ఆ దశలో అందరికీ తప్పుతుంది, లేపకండి. అలా కాకుండా గురక గట్టిగా ఉండి, ఛాతీ ఆడుతున్నా గాలి రాక, ఉలిక్కిపడి లేచి గాలి మింగుతుంటే, అది మెదడు తప్పు కాదు, గొంతు దారి మూసుకుపోవడం. పగ్‌లలో, బుల్‌డాగ్‌లలో ఇది చాలా ఎక్కువ, బరువు పెరిగితే ఇంకా ఎక్కువ, కొన్నిటికి ఆపరేషన్ కూడా చేస్తారు. ఛాతీ కూడా కదలకుండా ఆగిపోతుంటే అది వేరే, అప్పుడు తాళం దగ్గరే ఏదో ఉందేమో చూడాలి. అందుకే మీరు రాసిన దాంట్లో నాకు కావలసిన ముక్క లేదు: ఊపిరి ఆగినప్పుడు పొట్ట కదులుతోందా లేదా?

ఈ రాత్రి అది గాఢ నిద్రలో ఉన్నప్పుడు, ఫ్యాన్ కింద, 30 సెకన్లలో ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టి రెండింతలు చేయండి. 30 కంటే తక్కువ ఉండాలి. మళ్లీ మళ్లీ లెక్కపెట్టినా 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించండి. ఆగిన సమయంలో ఫోనుతో వీడియో తీయండి, పక్క నుంచి, పొట్ట కనపడేలా. క్లినిక్‌కి తెచ్చాక అది ఆ పని చచ్చినా చేయదు. చిగుళ్లు నీలంగా కనిపిస్తే మాత్రం వీడియో వద్దు, ఆటో ఎక్కండి.