క్యారీ ఎక్కడ మాయమవుతోంది?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం సీ భాషలో 8085 ఎమ్యులేటర్ (8085 మైక్రోప్రాసెసర్‌లా నడిచే ప్రోగ్రాము) రాస్తున్నాను. ఒక బైటు కూడికలు బాగానే వస్తున్నాయి. రెండు బైట్లలో 255కి 1 కలిపితే మాత్రం 256 బదులు 0 చూపిస్తోంది. తప్పెక్కడ?
– ఒక బీటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏడీసీని (క్యారీని, అంటే కింది బైటు కూడికలో మిగిలిన 1ని, కలుపుకుని కూడే ఆదేశాన్ని) అనుమానించే ముందు డీసీఆర్‌ని (1 తగ్గించే ఆదేశాన్ని) చూడండి. ల్యాబ్ ప్రోగ్రాముల్లో ప్రతి బైటూ కూడాక లూపు లెక్క తగ్గించేది అదే. అది జీరో, సైన్, ప్యారిటీ, ఆగ్జిలరీ క్యారీ ఫ్లాగుల్ని (ఫలితం ఎలాంటిదో చెప్పే ఒక్కో బిట్టు గుర్తుల్ని) మారుస్తుంది గానీ క్యారీ జోలికి పోదు. మీరు బహుశా తీసివేతకు రాసిన ఫంక్షన్‌నే దీనికీ తగిలించి ఉంటారు. రెండు బైట్లకు లూపు లెక్క 2తో మొదలవుతుంది. ఆ 2లోంచి 1 తీసేస్తే అరువు లేదు కనుక క్యారీ 0 అవుతుంది. కింది బైటులో పుట్టిన 1 పై బైటుకు చేరకముందే పోతుంది. 1 పెంచే ఐఎన్ఆర్‌కీ ఇదే జాగ్రత్త. రిజిస్టర్ జతను 1 పెంచే ఐఎన్ఎక్స్, 1 తగ్గించే డీసీఎక్స్ అయితే ఈ ఐదు ఫ్లాగుల్లో దేన్నీ కదపవు.

పనిలో పనిగా టైమింగ్ పట్టిక కూడా సరిచూసుకోండి. 8085లో జేఎన్‌జెడ్ (ఫలితం సున్నా కాకపోతే వేరే చోటికి దూకే ఆదేశం) దూకితే 10 టీ-స్టేట్లు (క్లాక్ ఆవర్తాలు), దూకకపోతే 7. డీసీఆర్ సీకి (సీ రిజిస్టర్‌లో 1 తగ్గించడానికి) 4. చాలామంది 8085కి ముందొచ్చిన 8080 పట్టిక దించేస్తారు. అందులో జేఎన్‌జెడ్‌కి ఎప్పుడూ 10, డీసీఆర్ సీకి 5. డిలే లూపులన్నీ (కావాలని ఆలస్యం చేయించే లూపులు) అక్కడే గతి తప్పుతాయి. టీ-స్టేటు నిడివి లెక్కేసేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి: 8085 క్రిస్టల్ వేగాన్ని సగం చేసుకుంటుంది కనుక 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న కిట్ లోపల నడిచేది 3 మెగాహెర్ట్జ్‌తోనే.